డెఫినెట్‌గా పంపిస్తామండీ

ఏప్రిల్ 6

ఈ డైరీ కాలేజీ వాళ్ళిచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఛైర్మన్ గారి సూక్తి ఒకటి. ఈ పేజీకి ‘గెలుపు ఒక అలవాటు’ అని ఉంది. ఆయనకి వేరే అలవాట్లు కూడా ఉన్నాయని విన్నాను గానీ, వాటిని అచ్చు వేయించినట్టు లేరు.

ఇన్నేళ్ళూ ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పడమే నా ఉద్యోగం అనుకున్నాను. ఇవాళ స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారు ఆ భ్రమ తొలగించారు. అసలు ఉద్యోగం ఎండల్లో మొదలవుతుందట. పదో తరగతి రాసిన పిల్లల ఇళ్ళకి వెళ్ళాలి, గడప దగ్గర నిలబడి నవ్వాలి, పెద్దవాళ్ళని ఒప్పించి పిల్లల్ని మా కాలేజీకి తేవాలి. ఇది ఏటా ఉన్న భాగోతమే. ఈ ఏడాది కొత్త పద్యం ఒకటి చేర్చారు. టార్గెట్ పూర్తి చేయని లెక్చరర్ జూన్‌లో రానక్కర్లేదు.

‘‘దత్తాత్రేయ గారూ, మీ సీనియారిటీకి ఇదొక లెక్కాండీ!’’ అన్నారు నావైపు చూసి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరి ఉరికి వాళ్ళే తాడు పేనుకునే సంస్థ మాది.

ఏప్రిల్ 8

ఫిజిక్స్ సంజీవరావు నాకు జోడీ. బండి అతనిది, గొడుగు నాది. కంకిపాడు వైపు ఏడెనిమిది ఇళ్ళు తిరిగాం. ఎంత మర్యాదైన మనుషులు! మాస్టార్లం అనగానే మంచం మీద దుప్పటి మార్చారు. ఒకచోట మజ్జిగ, ఇంకోచోట కొబ్బరిబోండాం, మరోచోట జంతికలు, కాఫీ. అందరూ ఒకటే మాట.

‘‘మా వాణ్ణి మీ చేతుల్లో కాకపోతే ఇంకెవరి చేతుల్లో పెడతామండీ! డెఫినెట్‌గా పంపిస్తాం.’’

మొదటి రోజే ఇన్ని డెఫినెట్‌గాలు! టార్గెట్ ఈ నెలాఖరుకే అయిపోయేట్టుంది. అనవసరంగా భయపడ్డాను.

ఏప్రిల్ 10

ప్రిన్సిపాల్ గారికి మరో ఆలోచన వచ్చింది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు విభాగం తరఫున రోజుకో మాట పెట్టాలట. అర్థం, పుట్టుక, వాడుక. ఇంగ్లీషు విభాగం అంటే నేనే. ఎక్కువగా వింటున్న మాటతోనే మొదలుపెట్టాను.

‘డెఫినెట్లీ. లాటిన్‌లో ఫీనిస్ అంటే హద్దు, ముగింపు. దానిలోంచి హద్దు పెట్టడం అనే క్రియ వచ్చింది, అందులోంచి ఈ మాట. పొలానికి గట్టు ఎలాంటిదో మాటకి ఇది అలాంటిది. డెఫినెట్లీ అన్నవాడు తన మాట చుట్టూ గట్టు వేసినట్టు. ఇవతల అవును, అవతల కాదు. గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపడానికి వీల్లేదు.’

చాలా బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. పావుగంటలో ప్రిన్సిపాల్ గారి నుంచి బొటనవేలు బొమ్మ, దాని కింద ఒక వాక్యం. ‘పుట్టుక తీసేసి అడ్మిషన్లు జరుగుచున్నవి అని పెట్టండి సార్.’

పెట్టాను.

ఏప్రిల్ 17

ఎండ. కాలువలు కట్టేశారు. కాలువల్లో బురద, గట్ల మీద మేము.

ఏప్రిల్ 25

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. ఇక డెఫినెట్‌గాలన్నీ వరసగా వచ్చి చేరతాయి. ఉదయం నుంచి ఆఫీసు గది ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా ఇద్దరొచ్చారు. ఒకాయన విద్యుత్ మీటర్ చూడటానికి, ఇంకొకాయన అడ్రసు తప్పి.

ఏప్రిల్ 26

ఇవాళా అంతే. ముహూర్తాలు బాగాలేవేమో. మన వాళ్ళు మంచిరోజు చూడకుండా పిల్లల్ని కదిలించరు కదా.

ఏప్రిల్ 29

కంకిపాడు జంతికల వాళ్ళబ్బాయిని వేరే కాలేజీలో చేర్చేశారని సంజీవరావు చెప్పాడు. నమ్మలేదు. ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. ‘‘మా బావమరిది బలవంతం మాస్టారూ. మా రెండోవాణ్ణి మాత్రం మీకే, డెఫినెట్‌గా’’ అన్నాడు. రెండోవాడు ఇప్పుడు నాలుగో తరగతి. సాయంత్రానికి ఆటోలో మామిడిపళ్ళ బుట్ట పంపించాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పళ్ళు తేనెలా ఉన్నాయి.

ఇలా ఇంటికి చేరిన మూడో బుట్ట ఇది. మంచం కింద గడ్డి పరిచి పెట్టింది మా ఆవిడ రాజ్యలక్ష్మి. ‘‘మీకు అడ్మిషన్లు రాలేదు గానీ తోటలొచ్చాయండీ’’ అంది.

నేను బింకంగా, ‘‘ఇంకా చాలామంది డెఫినెట్‌గా అన్నారు’’ అన్నాను.

ఆవిడ పండు పిసుకుతూ ఆగింది. ‘‘ఎవరింట్లో ఏం పెట్టారో చెప్పండి.’’ చెప్పాను. జంతికలు, బోండాలు, ఏసీ గదిలో కాఫీ, ఒకచోట ఏకంగా పెసరట్టు. ‘‘మరి చేరినవాళ్ళింట్లో?’’ అంది. ఇప్పటిదాకా చేరిన ఆ కొద్దిమందినీ తలుచుకున్నాను. ఒకతను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. ఒకావిడ కుక్కని కట్టెయ్యలేదు. పటమటలోనే, మా వెనక వీధిలోనే, ఒకాయన గంటసేపు ప్రశ్నలు వేసి ‘సరే చూద్దాం’ అని తలుపేసుకున్నాడు, మర్నాడే వచ్చి పిల్లాణ్ణి చేర్చాడు.

‘‘మాస్టారి మొహాన కాదని ఎవరంటారండీ, పాపం తగలదూ! అందుకని కడుపునిండా పెట్టి పంపుతారు. పిల్లని పంపేవాళ్ళకి మీకు కాఫీ పెట్టే తీరికెక్కడిది, సందేహాలే సరిపోతాయి.’’

‘‘నువ్వెప్పుడు కనిపెట్టావు ఇదంతా?’’

‘‘ముప్ఫై ఏళ్ళుగా వింటున్నానుగా. శ్రీశైలం డెఫినెట్‌గా, వంటింటికి కిటికీ డెఫినెట్‌గా. అలా అన్నప్పుడల్లా మల్లెపూలు తెచ్చేవారు.’’

పళ్ళలో తీపి తగ్గినట్టనిపించింది.

మే 1

కార్మిక దినోత్సవం. మాకు సెలవు లేదు. మేము కార్మికులం కాదట, ఒకే కుటుంబమట. సర్క్యులర్ వచ్చింది.

మే 4

సంజీవరావుకి వడదెబ్బ. ఒక్కణ్ణే బస్సెక్కి ఉయ్యూరు దాటి వెళ్ళాను. కాలువ పక్క ఊళ్ళో చివరి ఇల్లు. సుబ్బరత్నం అనే ఆవిడ గేదెల్ని కడుగుతోంది. భర్తకి ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే షెడ్డులో పని, ఆదివారాలే వస్తాడట. పాలూ, కౌలు పొలమూ, పిల్ల చదువూ అన్నీ ఈవిడే.

కూర్చోమనలేదు. పైపు కూడా ఆపలేదు.

‘‘ఏ కాలేజీ?’’

చెప్పాను.

‘‘పోయినేడు మా ఊరి పిల్ల మీ హాస్టల్లోంచి జొరంతో వచ్చింది. ఇంటికి ఫోను కూడా చెయ్యలా. ఎందుకని?’’

గొడుగు చెయ్యి మార్చుకున్నాను.

‘‘పప్పులో నీళ్ళు ఎక్కువంట?’’

‘‘ఎక్కువేనమ్మా’’ అన్నాను. ఎండకి నోరు జారింది. ఏటా ఇచ్చే శిక్షణలో ఈ ప్రశ్నకి వేరే సమాధానం నేర్పించారు.

ఆవిడ మొదటిసారి నా మొహం చూసింది. లోపలికి కేకేసింది. ‘‘చిన్నీ, ఇటురా!’’

పిల్ల అసలు పేరు వేదశ్రీ. లెక్కల్లో రెండు మార్కులు పోయినందుకు ఏడ్చిందట. ఇంగ్లీషులో మాత్రం గట్టెక్కిందంతే. క్లాసులో ఒకసారి పాఠం పైకి చదివితే అందరూ నవ్వారట. అప్పటి నుంచి ఇంగ్లీషంటే నోరు తెరవదు. ‘‘మూగదాన్ని చేసి పంపారు బళ్ళోంచి’’ అంది సుబ్బరత్నం.

అలవాటు కొద్దీ పుస్తకం తెమ్మన్నాను. నేనొక వాక్యం చదివాను, తప్పు పలికాను, కావాలనే. చిన్ని తలెత్తింది. ‘‘అది కాదు సార్’’ అని తనే చదివింది. తర్వాతి వాక్యం చదివింది. ఆ తర్వాతిది కూడా. గొంతు మొదట గుమ్మం దాకా కూడా రాలేదు, పేరా చివరికి గేదెల దాకా వెళ్ళింది. సుబ్బరత్నం పైపు కట్టేసి నిలబడి విన్నది. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఈ వేసవిలో మొదటిసారి నా ఉద్యోగం నేను చేశాను.

‘‘రెండేళ్ళూ దీనికి మీరేనా చెప్పేది?’’

‘‘డెఫినెట్‌గా అమ్మా.’’

‘‘ఆ మాట ఊళ్ళో అందరూ అంటారు. మీరేనా, కాదా?’’

‘‘నేనేనమ్మా.’’

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బస్సులో కూర్చున్నాక గానీ అలా ఇవ్వకపోవడం విలువ తెలియలేదు.

మే 11

సుబ్బరత్నం పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వచ్చింది. చిన్ని సర్టిఫికెట్లు ఆఫీసులో హెలెన్ గారికి ఇస్తూ ఒక్కో కాగితానికీ ఒక్కో ప్రశ్న వేసింది. హెలెన్ గారు వాటిని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. మా బీరువాలోకి వెళ్ళిన సర్టిఫికెట్ తిరిగి రావడం కష్టం. తెచ్చిన లెక్చరర్ ‘నా అడ్మిషన్ రద్దు’ అని సంతకం పెడితే తప్ప బయటికి రాదు. అలా సంతకం పెట్టిన వెర్రివాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఈ పది రోజుల్లో ‘చూద్దాం’ అన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. చిన్నితో నా టార్గెట్ పూర్తయింది. సరిగ్గా. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. రాజ్యలక్ష్మి పాయసం చేసింది.

మే 24

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఎప్పట్లాగే నిలబెట్టి చెప్పారు. ఈ ఏడాది నుంచి ఇంగ్లీషుకి లెక్చరర్ ఉండడట. ప్రతి క్లాసులో తెర పెడతారు. హెడ్డాఫీసులో కోటు వేసుకున్న కుర్రాడెవరో మాట్లాడతాడు, అన్ని ఊళ్ళ పిల్లలూ ఒకేసారి వింటారు. ‘‘సందేహాలొస్తేనండీ?’’ అని అడిగాను. ‘‘ఇంగ్లీషులో సందేహాలేముంటాయి సార్!’’ అన్నారు.

నాకు మాత్రం ఢోకా లేదట. టార్గెట్ పూర్తి చేశాను కాబట్టి సీనియర్ అడ్మిషన్స్ కోఆర్డినేటర్‌ని చేశారు. ఏడాది పొడవునా ఊళ్ళు తిరగడమే. పాఠాలుండవు. జీతం యథాతథం. ఏసీ గదిలో బల్ల.

థాంక్స్ చెప్పి వచ్చాను.

మే 25

ఆలోచిస్తే ఇందులో నా తప్పేముంది? సుబ్బరత్నం అడిగినప్పుడు తెర సంగతి నాకు తెలియదు. పైగా నేను కాలేజీలోనే ఉంటాను. చిన్ని ఎదురుపడితే పలకరిస్తాను. నాలుగు మంచిమాటలు చెబుతాను. అదీ చెప్పడమే కదా.

మే 26

నేను అబద్ధం చెప్పలేదు.

మే 27

చెప్పలేదు.

మే 30

ఉద్యోగం పోతే యాభై ఆరేళ్ళవాణ్ణి ఎవరు తీసుకుంటారు? అన్ని కాలేజీల్లోనూ తెరలే వస్తున్నాయట. రాజ్యలక్ష్మితో ఈ మాటే అన్నాను. ఆవిడ, ‘‘ఆ పిల్లకి తెర సంగతి చెప్పారా?’’ అని మాత్రం అడిగింది.

‘‘చెబుతాను, డెఫినెట్‌గా’’ అన్నాను.

నా చేతులవైపు చూసింది. మల్లెపూలు ఉన్నాయేమోనని.

జూన్ 2

సాయంత్రం సుబ్బరత్నం ఫోన్ చేసింది. హాస్టలుకి పెట్టె కొన్నారట, మూత సరిగా పడటంలేదని కొట్టువాడితో గొడవ పడి మార్చారట. ‘‘ఇదేదో చెప్తదంట, వినండి’’ అని ఫోను పిల్లకి ఇచ్చింది.

కాసేపు ఊపిరి వినిపించింది. తర్వాత చిన్ని గొంతు. ‘‘గుడ్ ఈవినింగ్ సర్. ఐ విల్ రీడ్ లౌడ్లీ ఇన్ యువర్ క్లాస్.’’

ఇన్నేళ్ళలో పిల్లల వాక్యాన్ని దిద్దకుండా వదిలిపెట్టిన సందర్భం నాకు గుర్తులేదు. ఇవాళ వదిలేశాను. ‘‘వెరీ గుడ్ అమ్మా’’ అన్నాను. ఫోను పెట్టేశాక సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. ఆ పిల్ల ఎవరి క్లాసులో చదువుతుంది? కోటు కుర్రాడు తెరలోంచి చెవి పెట్టి వింటాడా? మళ్ళీ నోరు మూసుకుంటుంది, ఈసారి నవ్వేవాళ్ళు కూడా అక్కర్లేకుండా.

నేను అబద్ధం చెప్పాను. మే నాలుగున కాదు. మే ఇరవై నాలుగు నుంచి రోజూ చెబుతున్నాను, నోరు మెదపకుండా.

జూన్ 4

హెలెన్ గారి బల్ల ముందు నిలబడి వేదశ్రీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి చూశారు.

‘‘సార్, సంతకం పెడితే మీ లెక్కలోంచి ఒకటి పోతుంది. టార్గెట్ తగ్గుతుంది. తెలుసుగా?’’

‘‘తెలుసండీ.’’

‘‘రేపు రండి, ఇవాళ ఆలోచించుకోండి.’’

‘‘పది రోజుల నుంచి అదే పని చేశానండీ. రేపైతే ధైర్యం ఉండదు.’’

సంతకం పెట్టాను. మొదట కలం మూత తీయడం మర్చిపోయాను. ఆ సంగతి రాయకూడదనుకున్నాను గానీ, ఈ డైరీ చదివేది నేనే, నా దగ్గర దాపరికమెందుకు.

జూన్ 5

ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళగానే, ‘‘కూర్చోండి సార్’’ అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. కూర్చున్నాక బాదంపాలు తెప్పించారు. అది చూడగానే నాకు విషయం అర్థమైంది. ఆ తర్వాత జీడిపప్పు పళ్ళెం వచ్చింది, ఇక సందేహం లేదు. చివరికి శాలువా కప్పారు.

‘‘మీలాంటివారిని వదులుకుంటామా! వేకెన్సీ రాగానే డెఫినెట్‌గా కబురు చేస్తాం.’’

బాదంపాలు పూర్తిగా తాగాను. ఇన్నేళ్ళు నేను అడ్మిషన్ కోసం వచ్చిన మాస్టారిలానే ఈ గడపలో ఆశగా నిలబడ్డాను. వెళ్ళిపోమనేటప్పుడు మాత్రం మంచి మర్యాద జరిగింది.

ఇంట్లో శాలువా చూసి రాజ్యలక్ష్మికి నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. మడతపెట్టి బీరువాలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక, ‘‘ఆవిడకి ఆ కాగితాలు ఎప్పుడిస్తున్నారు?’’ అంది.

జూన్ 6

ఇచ్చాను.

గేదెలు నీడలో పడుకున్నాయి. సుబ్బరత్నం చెయ్యి చీరకి తుడుచుకుని సర్టిఫికెట్లు తీసుకుంది, ఒక్కో కాగితం తిప్పి చూసింది. జరిగిందంతా చెప్పాను. తెర సంగతి, నా బల్ల సంగతి, అన్నీ.

‘‘రెండేళ్ళూ నేనేనన్నారు.’’

‘‘అన్నానమ్మా.’’

‘‘ఎప్పుడు తెలిసింది మీకు?’’

‘‘పోయిన నెల.’’

‘‘పోయిన్నెల తెలిస్తే ఇయ్యాలా చెప్పేది? ఇక్కడ పెట్టె కొన్నాం, పక్కింటోళ్ళకి చెప్పుకున్నాం. పిల్ల రోజూ గోడకేసి చదువుకుంటంది మీకు వినిపిద్దామని. మాస్టారు కదా మీరు! ఊళ్ళో దళారోడైనా నయం, ఆడి మాట ఎవరూ నమ్మరు.’’

తప్పులన్నీ నావే. చిన్ని తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆ పిల్లవైపు చూడలేకపోయాను.

సుబ్బరత్నం వెళ్ళి గేదెల ముందు గడ్డి విసిరి వచ్చింది. తర్వాత కాగితాలు చూపిస్తూ అడిగింది.

‘‘ఇయ్యి తెచ్చిచ్చినందుకు మిమ్మల్నేమన్నారు?’’

‘‘తీసేశారమ్మా.’’

‘‘డెఫినెట్‌గానా?’’

‘‘డెఫినెట్‌గా.’’

ఈ రెండు నెలల్లో ఎన్ని ఇళ్ళలో విన్నానో, నేనెన్నిసార్లు అన్నానో ఆ మాట. వాట్సాప్‌లో వ్యాసం కూడా రాశాను. గట్టు అన్నాను, హద్దు అన్నాను. ఇవాళ మాత్రమే దాన్ని అన్నాక నేను వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. కాస్త భయం వేసింది, చాలా తేలిగ్గానూ అనిపించింది.

‘‘ఉయ్యూరు సర్కారు కాలేజీలో చేర్పించండి. లెక్కలు బాగా చెబుతారు’’ అన్నాను. ఆ తర్వాత మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ‘‘ఇంగ్లీషుకి నేనే ఉయ్యూరులో ఒక గది చూసుకుని చెబుదామనుకుంటున్నాను.’’ అప్పటిదాకా అలా అనుకోలేదు.

సుబ్బరత్నం కళ్ళు చిన్నవి చేసింది.

‘‘గదెక్కడ?’’

‘‘ఇంకా చూడలేదమ్మా.’’

‘‘ఆడపిల్లలకి బాత్రూమ్ ఉంటదా? సాయంత్రం బస్సు తప్పితే ఎట్టా? ఎంతమందొస్తారు? మీకు షుగరుందా? మధ్యలో మీరు మంచాన పడితే ఎవరు చెప్తారు?’’

‘‘షుగరుందమ్మా. మిగతావి తెలియవు.’’

‘‘తెలుసుకుని చెప్పండి’’ అని కాగితాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చిన్ని మాత్రం ఒక క్షణం ఆగి, ‘‘లౌడ్లీ తప్పా సార్?’’ అంది. తప్పు కాదన్నాను, అలౌడ్ అంటే ఇంకా బాగుంటుందన్నాను. తల ఊపి లోపలికి పరిగెత్తింది.

వాకిట్లో మామిడిచెట్టు నిండా కాయలే. రెండు పండి కిందపడి కూడా ఉన్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. ఎవరూ రాలేదు. బస్టాపు దాకా నడిచాను.

ఇంటికి రాగానే రాజ్యలక్ష్మి నా చేతి సంచి లాక్కుని లోపల వెతికింది. ‘‘ఏమన్నా ఇచ్చారా?’’

‘‘గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.’’

సంచి మడిచి మేకుకి తగిలించింది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూశాను.

‘‘అయితే గది చూసుకోండి’’ అంది.

మంచినీళ్ళు మాత్రం నన్నే తెచ్చుకోమంది.